కుడికాలు ఏడున్నర

మా వదినకి షాపులో పెట్టిన పేరు 'బొటనవేలు'. ఎదురుగా మేడమ్ అనేవారు, అటు తిరగ్గానే బొటనవేలు అనేవారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసి కోపం రాలేదు సరికదా, లోలోపల మురిసిపోయేది. మా అన్నయ్య పెళ్ళికి పెట్టిన ఉంగరం చూసుకుని కూడా అంత మురిసిపోలేదని నేను ఒట్టేసి చెప్పగలను.

అది ఆటల సామాను అమ్మే పెద్ద షాపు. కింద అంతస్తులో పరుగు బూట్లు, నడక బూట్లు. మెట్లెక్కి పైకి వెళితే మొత్తం బాస్కెట్‌బాల్ వాళ్ళదే. గోడ నిండా ఒంటి బూట్లు వరసగా వేలాడుతుంటాయి. వాటి జోడు వెనకాల స్టాకు గదిలో డబ్బాల్లో ఉంటుంది. నేల మీద నల్లటి రబ్బరు చాప, దాని పక్కన పొడుగాటి బల్ల, మోకాలి ఎత్తుకి మించని అద్దం. ఆ అద్దంలో మనిషికి మొహం ఉండదు, కాళ్ళే ఉంటాయి. మా వదిన జీవితమంతా ఆ అద్దం ముందు మోకాళ్ళ మీదే గడిచింది.

ఎవరైనా వచ్చి గోడ మీద తళతళలాడే బూటుకేసి వేలు చూపిస్తే, ఆవిడ ఆ బూటుకేసి కన్నెత్తి కూడా చూసేది కాదు. "ఎక్కడ ఆడతావు? సిమెంటు మీదా, చెక్క మీదా?" అని మొదలుపెట్టేది. సిమెంటు మీద ఆడేవాళ్ళకి మెత్తటి సోలు అంటగడితే సబ్బుబిళ్ళ అమ్మినట్టే, నెల తిరిగేసరికి అరిగిపోతుంది అనేది. తర్వాత పాత బూట్లు చూపించమనేది. మడమ వైపు అరిగితే ఎగిరి దూకే మనిషి, లోపల మెత్త కావాలి. ముందు అంచు అరిగితే గిరుక్కున తిరిగే మనిషి, నేలని పట్టుకునే సోలు కావాలి, చీలమండ దగ్గర కాలు కదలకూడదు. పొద్దున్నే వచ్చినవాళ్ళని సాయంత్రం రమ్మనేది. ఆడేటప్పుడు కాలు ఉబ్బుతుందనీ, పొద్దుటి కాలుకి కొన్న బూటు సాయంత్రానికి పగబడుతుందనీ ఆవిడ లెక్క.

అన్నీ అయ్యాక లేసులు కింద నుంచి ఒక్కొక్కటే బిగించి, నిలబెట్టి, బూటు ముందు భాగం మీద బొటనవేలు పెట్టి నొక్కేది. లోపల వేలికీ బూటుకీ మధ్య తన బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. ఎక్కువున్నా ఒప్పుకోదు, తక్కువున్నా ఒప్పుకోదు. "ఇప్పుడు ఎగురు" అనేది. అరవై కేజీల మనిషైనా, నూరు కేజీల మనిషైనా ఆ చాప మీద ఎగరాల్సిందే. షాపు యజమాని తల పట్టుకునేవాడు. "మేడమ్, వచ్చిన బేరాన్ని వెనక్కి పంపడానికా మీకు జీతం ఇచ్చేది?" అని మొత్తుకునేవాడు. కానీ అలా వెనక్కి వెళ్ళినవాళ్ళే జట్టు జట్టంతటినీ వెంటేసుకొచ్చేవారు. అందుకని మొత్తుకోవడం వరకే.

ఇంట్లోనూ అంతే. నన్ను చేసుకోబోయేవాడు మొదటిసారి మా ఇంటికొస్తే ఈవిడ మొహం చూడలేదు, గుమ్మం దగ్గర విప్పిన చెప్పులు చూసింది. వంటింట్లోకి వచ్చి, "అమ్మాయ్, మనిషి ఎడమవైపు ఒరుగుతాడు. చూసుకో మరి" అంది. ఇన్నేళ్ళ కాపురంలో మా ఆయన ఒరగని వైపంటూ లేదు, అది వేరే సంగతి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా వదిన కాళ్ళ విషయంలో అబద్ధమాడే మనిషి కాదు. కూరలో ఉప్పెక్కువైతే బాగానే ఉందంటుంది. మా అన్నయ్య పాడితే వింటుంది. కానీ సరిపోని బూటుని సరిపోయిందని ఆవిడ నోట ఎవరూ వినలేదు. ఆ ఒక్కసారి తప్ప.

మా మేనకోడలు, అంటే వదిన కూతురు, బాస్కెట్‌బాల్ ఆడేది. అమ్మ షాపులో పెరిగిన పిల్ల, ఇంకేం ఆడుతుంది? పొడగరి, చురుకైనది, కాస్త పెంకి. దాని ఎడమకాలు కుడికాలికన్నా అర సైజు పెద్దది. ఎడమది ఏడున్నర, కుడిది ఏడు. లోకంలో చాలామందికి ఇలాగే ఉంటుందట, ఎవరూ పట్టించుకోరు. పట్టించుకునే తల్లి దొరకడం దాని అదృష్టమో దురదృష్టమో నాకు ఇప్పటికీ తేలలేదు. ఎప్పుడూ పెద్ద కాలికి కొనేవారు. కుడికాలికి రెండు సాక్సులు, బూటులో అదనంగా ఒక అట్ట. అయినా మలుపు తిరిగినప్పుడల్లా ఆ కాలు లోపల కొంచెం జారేది. ఆ జారడం గ్యాలరీలో కూర్చున్న వదినకి కనిపించేది. పక్కన కూర్చున్న నాకు మాత్రం బంతి కూడా సరిగ్గా కనిపించేది కాదు.

ఆ ఏడాది ఊరి పెద్ద జట్టుకి ఆటగాళ్ళని ఎంపిక చేస్తున్నారు. అదే సమయానికి షాపులోకి ఒక కొత్త రకం బూటు వచ్చింది. తేలిక, పట్టు, చీలమండ చుట్టూ అల్లిన గుడ్డ. చూస్తుండగానే అమ్ముడైపోయి స్టాకు గదిలో రెండే డబ్బాలు మిగిలాయి. ఒకటి ఏడు, ఒకటి ఏడున్నర.

ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు వదిన కూతుర్ని స్టాకు గదిలోకి పిలిచింది. ముందు ఏడున్నర జత తొడిగింది. తర్వాత ఏడు తొడిగింది. తర్వాత ఏమనుకుందో ఏమో, ఎడమకాలికి ఏడున్నర, కుడికాలికి ఏడు తొడిగి లేసులు బిగించింది. పిల్ల ఎగిరింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది. ఒక్క సాక్సుతో, అట్ట లేకుండా.

"అమ్మా, కాళ్ళకి ఏమీ వేసుకోనట్టే ఉందే!" అంది.

పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల నోట ఆ మాట రావడం అదే మొదలు. దాంతో వదిన కరిగిపోయింది. ఆ రెండు బూట్లూ ఏడున్నర డబ్బాలో పెట్టి తన పేర బిల్లు చేయించుకుంది. మిగిలినవి, ఎడమది ఏడు, కుడిది ఏడున్నర, ఏడు డబ్బాలో పెట్టి స్టాకు గదిలో పై అరలో వెనక్కి తోసేసింది. ఫ్యాక్టరీలోనే ఒక్కోసారి జతలు తారుమారై వస్తాయి. అలాంటివి నెలాఖరుకి కంపెనీ మనిషి వచ్చి పట్టుకుపోతాడు. అతనికి ఇచ్చేస్తే సరి, ఎవరికీ నష్టం లేదు అనుకుంది. నిజానికి అలా జరిగుంటే నష్టం ఉండేదీ కాదు.

మర్నాడు సాయంత్రం యజమాని స్వయంగా ఒక తండ్రినీ కూతుర్నీ వెంటబెట్టుకుని పైకి వచ్చాడు. తండ్రి సిటీ బస్సు డ్రైవరు, డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు, ఒంటి మీద ఇంకా యూనిఫామ్ ఉంది. పిల్లకి నడుం దాటిన జడ. మా మేనకోడలు వేరే కాలేజీ జట్టులో ఈ పిల్లని చూసి 'పొడుగు జడ' అని పేరు పెట్టింది. ఇద్దరూ ఎంపికకి వెళ్ళాల్సినవాళ్ళే. పొడుగు జడ పాదాలు రెండూ నికార్సుగా ఏడు.

"ఆ కొత్త రకంలో ఏడు అయిపోయిందండీ" అంది వదిన.

"ఎక్కడైపోయింది మేడమ్? పొద్దున్న నేనే చూశాను" అంటూ యజమాని లోపలికి వెళ్ళి, పై అరలోంచి ఆ డబ్బా దించి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. పెట్టి, కిందనుంచి ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాడు.

ఆ క్షణంలో ఒక్క మాట అంటే సరిపోయేది. 'ఇది తారుమారు జత, పనికిరాదు' అంటే చాలు. కానీ అంటే యజమాని రెండో డబ్బా ఏదంటాడు. రెండో డబ్బా తన ఇంట్లో ఉంది. ఉద్యోగం సంగతి అటుంచి, ఇంట్లో ఉన్న బూట్లు వెనక్కి తేవాల్సి వస్తుంది. 'ఏమీ వేసుకోనట్టే ఉందే' అన్న పిల్ల మళ్ళీ రెండు సాక్సులు తొడుక్కుని ఎంపికకి వెళ్ళాలి. ఇవన్నీ ఆవిడ బుర్రలో గిర్రున తిరిగాయి. తిరుగుతుండగానే చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మోకాళ్ళ మీద కూర్చుంది, పిల్లకి బూట్లు తొడిగింది, లేసులు బిగించింది.

పిల్ల నిలబడి నాలుగడుగులు వేసింది. "కుడిది కొంచెం లూజుగా ఉంది ఆంటీ" అంది.

వదిన బొటనవేలు పెట్టి నొక్కింది. తర్వాత తల పైకెత్తి, "బూటు బాగానే ఉందమ్మా. నీ కుడికాలే కొంచెం చిన్నది" అంది.

ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో తనకే తెలీదని తర్వాత నాతో అంది. ఇంట్లో రోజూ అనే మాటేగా, నాలుకకి అలవాటు. కాకపోతే అది వేరే పిల్ల కాలు.

"చిన్నదా? నాకెప్పుడూ తెలీలేదే" అంది పొడుగు జడ, తన పాదం వంక ఎవరిదో చూసినట్టు చూస్తూ.

"చాలామందికి ఉంటుంది. రెండు సాక్సులు వేసుకో, సర్దుకుంటుంది."

తండ్రి మొహం చిన్నబోయింది. "ఇన్నాళ్ళూ మేం చూసుకోనే లేదు చూడండమ్మా" అన్నాడు. "చిన్నప్పుడు ఆ కాలి మీద బస్సు తలుపు పడింది. నా బస్సే. అందుకేనేమో." వదిన అవునన్లేదు, కాదన్లేదు. బూటు నాలుక లోపల సైజు అంకె ఉన్న గుడ్డ చీటీ ఉంటుంది. కత్తెర తీసి రెండింటివీ కత్తిరించింది. "ఇది గీసుకుంటుందమ్మా, తీసేస్తున్నా" అంది. తండ్రి రెండు చేతులా డబ్బా అందుకుని, "మీరు కనిపెట్టబట్టి సరిపోయింది" అని చెప్పి మెట్లు దిగాడు.

ఎంపిక రోజున నేనూ వెళ్ళాను. మా మేనకోడలు కాళ్ళకి రెక్కలొచ్చినట్టు ఆడింది, అబద్ధమెందుకు. ఇంట్లో అందరం అరిచి అరిచి గొంతులు పోగొట్టుకున్నాం. వదిన మాత్రం అరవలేదు. ఆవిడ కళ్ళు కోర్టుకి అటు చివర ఉన్న పొడుగు జడ మీదే ఉన్నాయి. ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి కుడికాలి మీద మలుపు తిరగాల్సి వచ్చినప్పుడల్లా అర క్షణం ఆగుతోంది. ఆగి, ఓసారి కిందకి చూసుకుంటోంది. ఆ ఆటలో అర క్షణం ఆగితే బంతి ఎదుటివాళ్ళ చేతిలో ఉంటుంది. సాయంత్రం పేర్లు చదివారు. మా పిల్ల పేరుంది. పొడుగు జడ పేరు లేదు.

"అదేంటో అత్తా, పొడుగు జడ నాకన్నా బాగా ఆడేది. ఇవాళ ఏమైందో పాపం" అంది మేనకోడలు దారిలో, ఐస్‌క్రీమ్ తింటూ. వదిన ఏదో పనున్నట్టు చేతిసంచీలో వెతుక్కుంది. నేను అప్పటికి ఏమీ గమనించలేదు, ఐస్‌క్రీమ్ గోలలో ఉన్నాను.

నాకు సంగతి తెలిసింది బస్సు వల్ల. ఎన్నో ఏళ్ళుగా ఒకే బస్సులో షాపుకి వెళ్ళే మనిషి ఉన్నట్టుండి నడిచి వెళ్ళడం మొదలుపెట్టింది. మండే ఎండలో, అంత దూరం. ఒకరోజు బట్టలు మడతపెడుతుంటే నిలదీశాను. "వదినా, బస్సుకేమైంది? డాక్టరేమైనా నడవమన్నాడా?"

చేతిలో దిండు గలీబు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. తర్వాత మొదటినుంచీ చెప్పుకొచ్చింది. చివరికి బస్సు దగ్గరికి వచ్చింది. ఎంపికలయిన కొన్నాళ్ళకి ఆవిడ ఎక్కిన బస్సుకి ఆ తండ్రే డ్రైవరు. చూసి గుర్తుపట్టి, వెనక ఉన్న కండక్టరుని కేకేశాడట. "ఈవిడేరా నేను చెప్పింది! మేం కన్నవాళ్ళమై ఉండీ కనిపెట్టలేనిది, ఈవిడ బొటనవేలితో కనిపెట్టింది!" బస్సంతా తిరిగి చూసిందట. ఆవిడ తర్వాతి స్టాపులో దిగిపోయింది. మళ్ళీ ఎక్కలేదు.

నాకు నోరు ఊరుకోదు. "సిగ్గులేదూ?" అన్నాను. "రేపే వెళ్ళి చెప్పేసి రా. కాళ్ళ మీద పడతావో, ఏం చేస్తావో నీ ఇష్టం."

"చెబితే దీన్ని జట్టులో ఉంచుతారంటావా?"

"ఉంచకపోతే పోయె!"

"నీ కూతురైతే అలా అనేదానివి కాదులే" అంది. అని, గలీబు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఈ సీజను అయిపోనీ, పిల్ల కుదురుకున్నాక నేనే వెళ్ళి చెబుతాను అంది. సీజను అయిపోయింది. ఇంకోటి వచ్చింది. వాయిదాకి అలవాటుపడ్డ మాట నోటి దాకా రావడం మానేసింది.

అప్పట్నుంచీ ఆవిడ బొటనవేలు వాడడం మానేసింది. కొలత పలక మీద కాలు పెట్టించేది, అంకె చూసేది, డబ్బా తెచ్చేది. "మేడమ్, ఓసారి నొక్కి చూడండి" అని పాత ఆటగాళ్ళు అడిగితే, "పలక చెప్పింది కదా బాబూ" అనేది. వెనక్కి పంపడాలు తగ్గాయి, యజమాని సంతోషించాడు. కొత్తగా చేరినవాళ్ళకి ఆవిణ్ణి బొటనవేలు అని ఎందుకంటారో కూడా తెలీదు. మంచి ఉద్యోగి అని ఒక ఏడాది శాలువా లాంటిదేదో కప్పబోతే ఒంట్లో బాగాలేదని ఇంట్లో కూర్చుంది. ఆవిడకి అంతకుముందు అంత గర్వం ఉండడం నాకు వేళాకోళంగా ఉండేది. అది పోయాక చూస్తే, మనిషిలో సగం అదేనని తెలిసింది.

మా మేనకోడలు సంగతా? రెండు సీజన్లు ఆడింది. తర్వాత చదువన్నది, తర్వాత ఉద్యోగమన్నది, తర్వాత ఆదివారాలు నిద్రపోవాలన్నది. బంతి మంచం కిందకి దొర్లిపోయింది. ఆ బూట్లు చాలాకాలం అటక మీద ఉండి, ఒక ఇల్లు మారడంలో ఎటో పోయాయి. దాన్ని తప్పుపట్టను. ఆడడం ఇష్టం పోయింది, మానేసింది, అంతే. కానీ వాళ్ళమ్మ దాని కోసం ఏం పెట్టి ఆ చోటు కొన్నదో దానికి తెలీదు. చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది వదిన.

మొన్న నా మోకాలు పట్టేసింది. డాక్టరు నడక బూట్లు కొనుక్కోమంటే వదిన దగ్గరికే వెళ్ళాను. మధ్యాహ్నం పూట, పైన ఎవరూ లేరు. కిందనుంచి నడక బూట్లు తెప్పించి, బల్ల మీద కూర్చోబెట్టి నా కాళ్ళకి తొడుగుతోంది. అంతలో మెట్లెక్కి ఒకావిడ వచ్చింది. ముప్ఫై దాటిన మనిషి, మెడలో ఈల, భుజాల దాకా కత్తిరించిన జుట్టు. నేను పోల్చుకోలేదు. వదిన మొహం చూడకుండానే పోల్చుకుంది. కిందకి వంగి ఉంది కదా, ముందు కాళ్ళే కనిపించాయి. నా లేసు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"మీరింకా ఇక్కడే ఉన్నారా మేడమ్!" అంది ఆవిడ, నిజంగా సంతోషపడుతూ. "నన్ను గుర్తుపట్టి ఉండరు. చాలా ఏళ్ళయింది. నా కుడికాలు చిన్నదని మీరే కనిపెట్టారు."

బడిలో ఆటల టీచరుగా చేస్తోందట. తను పెద్దగా ఆడలేకపోయిందట, కాలు అలాంటిది కదా అంది, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా. "మా పిల్లలందరికీ చెబుతాను, రెండు కాళ్ళూ విడివిడిగా కొలిపించుకోండర్రా, నాకు ఒక మేడమ్ చెప్పబట్టి తెలిసింది, లేకపోతే ఇప్పటికీ తెలిసేది కాదు అని. ఇవాళ నాకే ఒక జత కావాలి." బల్ల మీద నా పక్కన కూర్చుని బూట్లు విప్పింది. ఎడమకాలికి ఒక సాక్సు. కుడికాలికి రెండు, మడమ దగ్గర కత్తిరించి కుట్టుకున్న మెత్త ముక్క.

వదిన పలక తెచ్చింది. ఎడమకాలు పెట్టించింది, ఏడు. రెండు సాక్సులూ తనే విప్పి కుడికాలు పెట్టించింది, ఏడు. ఆవిడ వంగి చూసి నవ్వింది. "మీ పలక అరిగిపోయింది మేడమ్. అప్పుడు మీరు వేలితో చూశారు కదా, అలా చూడండి."

వదిన పలక పక్కన పెట్టింది. ఆ పిల్ల పాదం, పిల్ల అనే వస్తోంది నా నోట, రెండు చేతుల్లోనే ఉంచుకుంది. "పలక సరిగ్గానే ఉందమ్మా" అంది. "నీ కాళ్ళు రెండూ ఒకటే. అప్పుడూ ఒకటే. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను."

ఇక ఆపలేదు. స్టాకు గది, రెండు డబ్బాలు, కూతురు, కత్తిరించిన చీటీలు, అన్నీ చెప్పింది. తల ఎత్తలేదు. ఆ పాదానికే చెబుతున్నట్టు చెప్పింది. నేను ఒక కాలికి బూటుతో, ఒక కాలు ఒట్టిగా కూర్చున్నాను.

ఆవిడ మెడలో ఈల తీసి ఒళ్ళో పెట్టుకుంది. "మా నాన్నకేం చెప్పను?" అంది చివరికి. "ఇప్పటికీ నేను మెట్లెక్కుతుంటే ఆయన నా కుడికాలికేసే చూస్తాడు. ఆ బస్సు తలుపు గురించి తన్ను తాను తిట్టుకోని రోజు లేదు. ఇప్పుడు ఎవర్ని తిట్టుకోమనను?"

"నన్ను" అంది వదిన.

"మిమ్మల్నా! మీరంటే ఆయనకి దేవుడంత." నవ్వబోయింది, రాలేదు.

వదిన లేచి లోపలికి వెళ్ళి ఒక డబ్బా తెచ్చింది. అడగకుండానే ఆడేది చెక్క మీదో సిమెంటు మీదో తెలిసినట్టు తెచ్చింది. మూత తీసి, రెండు బూట్ల నాలుకల లోపలా ఉన్న అంకెలు ఆవిడకి చూపించింది, ఏడు, ఏడు. కొత్త సాక్సుల జత విప్పి, ఒక్కో కాలికి ఒక్కటి తొడిగింది. లేసులు కింద నుంచి ఒక్కొక్కటే బిగించింది. ఆవిడ లేచి రబ్బరు చాప మీద నాలుగడుగులు వేసింది. ఎగిరింది. కుడివైపు తిరగబోయి, అర క్షణం ఆగి, కిందకి చూసుకుంది.

"ఎడమది బాగుంది" అంది. "కుడిది లూజుగా ఉంది."

వదిన మోకాళ్ళ మీద కూలబడి, ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి, బూటు ముందు భాగం మీద బొటనవేలు పెట్టి నొక్కింది. "సరిగ్గా ఉందమ్మా. ఒట్టు. ఇంతకన్నా సరిగ్గా ఉండదు."

"ఉండొచ్చు మేడమ్. మీ వేలికి సరిగ్గానే ఉంటుంది. నా కాలికే తెలీడం లేదు." ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది నాకు. బల్ల మీద కూర్చుని కుడి బూటు విప్పుకుంది. కింద పడున్న పాత సాక్సు తీసి, కొత్తదాని మీద తొడుక్కుంది. మళ్ళీ బూటు వేసుకుంది. లేసు కట్టుకోబోతే వదిన చేతులు ముందే వెళ్ళాయి. ఆవిడ కాలు వెనక్కి లాక్కోలేదు, కట్టనిచ్చింది. కానీ మెడ మాత్రం అటు తిప్పుకుంది.

డబ్బా చంకలో పెట్టుకుని మెట్ల దాకా వెళ్ళి ఆగింది. "మీ అమ్మాయి ఇప్పుడు ఎక్కడ ఆడుతోంది మేడమ్?"

నేను నేలకేసి చూశాను. వదిన ఇంకా మోకాళ్ళ మీదే ఉంది.

"ఆడడం లేదమ్మా" అంది. "ఎప్పుడో మానేసింది."

ఆవిడ తలూపింది. రెయిలింగు పట్టుకుని మెట్లు దిగింది. ప్రతి మెట్టు మీదా ముందు ఎడమకాలు మోపి, తర్వాత కుడికాలు జాగ్రత్తగా పక్కన పెట్టుకుంటూ దిగింది.